కంప్యూటరు మాట వేదమా?

మైదుకూరులో నాలుగు రోడ్ల కూడలి ఉంది. ఒక రోడ్డు కడపకు పోతుంది. ఒకటి ప్రొద్దుటూరుకు పోతుంది. ఒకటి బద్వేలుకు. ఇంకొకటి ఆళ్లగడ్డ మీదుగా నంద్యాలకు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు ఏ పని పడినా మైదుకూరుకు వస్తారు.

సుబ్బమ్మ అనే ఒక అమ్మ అలాగే వచ్చింది అనుకుందాం. ఆమెకు ఒక ఎకరా చేను ఉంది. అందులో పసుపు వేసింది. బ్యాంకులో పంట అప్పు కావాలి. బ్యాంకు వాళ్లు "1-బి కాగితం తెచ్చుకోమ్మా" అన్నారు.

సుబ్బమ్మ ఒక నెట్ అంగడికి పోయింది. అక్కడి అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టకటకా ఏవో మీటలు నొక్కాడు. పక్కనున్న పెట్టెలోంచి కాగితం బయటికి వచ్చింది. సుబ్బమ్మ డబ్బులిచ్చింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నేరుగా బ్యాంకుకు పోయింది.

బ్యాంకు ఆయన కాగితం చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏమ్మా, ఆధార్‌లో సుబ్బమ్మ అని ఉంది. ఈ కాగితంలో సుబ్బన్న అని ఉంది. పేరు కలవలేదు. అప్పు ఇవ్వలేం" అన్నాడు.

సుబ్బమ్మ గుండె గుభేలుమంది. మళ్లీ అంగడికి వచ్చింది.

"ఏంది నాయనా, నా పేరు మార్చి రాసినావు?"

"నేను రాయలేదమ్మా. కంప్యూటర్లో ఇట్లే ఉండాది. నేనేం చేసేది?"

"కంప్యూటర్లోనే ఉంటే ఇంక నేనేం అనేది? అది తప్పు చెప్తాదా?" అని సుబ్బమ్మ దిగులు పడింది.

అక్కల్లారా, చెల్లెళ్లారా! ఈ మాట మీరు కూడా వినే ఉంటారు. "కంప్యూటర్లో లేదు." "కంప్యూటరు తీసుకోవడం లేదు." "సర్వర్ డౌన్." ఈ మాటలు వినగానే మనం వెనక్కి తిరిగి వస్తాం. ఎందుకు? ఆ మాటలకు అర్థం మనకు తెలియదు కాబట్టి. ఇంతకీ కంప్యూటరు మాట వేదమా? అది తప్పు చెప్పదా? ఒక్కొక్క మాటా విడదీసి తెలుసుకుందాం. తర్వాత సుబ్బమ్మ దగ్గరికి మళ్లీ వద్దాం.

కంప్యూటరు అంటే ఎవరు?

"ఏమిటి" అని అడగాలి కదా, "ఎవరు" అంటారేం? అని మీకు అనిపించవచ్చు. కంప్యూటరు అనే ఇంగ్లీషు మాటకు "లెక్కలు కట్టేది" అని అర్థం. ఒకప్పుడు ఆ మాట యంత్రానికి లేదు. మనుషులకే ఉండేది. కూర్చుని పెద్ద పెద్ద లెక్కలు కట్టే ఉద్యోగిని కంప్యూటరు అనేవారు. ఆ ఉద్యోగం చేసినవారిలో ఆడవాళ్లు చాలామంది ఉండేవారు.

తర్వాత ఆ పని యంత్రం చేయసాగింది. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరును లోకానికి చూపించారు. అది ఒక పెద్ద గది నిండా ఉండేది. దాని బరువు సుమారు 27 టన్నులు. ఏ లెక్క ఎలా కట్టాలో ఆ యంత్రానికి చెప్పిన మొదటి జట్టులో ఆరుగురు ఉన్నారు. ఆ ఆరుగురూ ఆడవాళ్లే.

మన దేశం కూడా వెనుకబడలేదు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ ఉంది. అది టీడీసీ-12 అనే కంప్యూటరును తయారు చేసింది.

ఈనాడు కంప్యూటరు చిన్నదైపోయింది. మన చేతిలోని స్మార్ట్ ఫోను కూడా ఒక కంప్యూటరే. ఆ గది నిండిన ఎనియాక్ కంటే ఈ ఫోను ఎన్నో రెట్లు వేగంగా లెక్కలు కడుతుంది.

పైకి కనిపించే భాగాలు

అంగడిలో బల్ల మీద ఏమేమి కనిపిస్తాయి?

టీవీ లాంటిది ఒకటి ఉంటుంది. అది మానిటరు. దాని ముఖాన్ని తెర అంటాం. స్క్రీన్ అని కూడా అంటారు. కంప్యూటరు మనకు చెప్పే మాట దీని మీద కనిపిస్తుంది.

మీటలు ఉన్న పలక ఒకటి ఉంటుంది. అది కీబోర్డు. ఒక్కొక్క మీట మీద ఒక్కొక్క అక్షరమో అంకెో ఉంటుంది. మీట నొక్కితే ఆ అక్షరం తెర మీద పడుతుంది. ఇలా మీటలు నొక్కి రాయడాన్ని టైపు చేయడం అంటారు.

అరచేతిలో ఇమిడే చిన్న వస్తువు ఒకటి ఉంటుంది. అది మౌసు. మౌసు అంటే చిట్టెలుక. దాన్ని బల్ల మీద జరిపితే తెర మీద చిన్న బాణం గుర్తు కదులుతుంది. మౌసు మీద మీటను టక్కున నొక్కడాన్ని క్లిక్ చేయడం అంటారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన 1960ల్లో దీన్ని కనిపెట్టాడు. మొదటి మౌసును చెక్కతో చేశారు. ఫోనులో మౌసు ఉండదు. అక్కడ మన వేలే మౌసు.

బల్ల కింద ఒక పెట్టె ఉంటుంది. దాన్ని సీపీయూ అంటారు. నిజానికి సీపీయూ అనేది ఆ పెట్టె లోపల ఉండే చిన్న బిళ్ల పేరు. లెక్కలన్నీ కట్టేది ఆ బిళ్లే. వాడుకలో పెట్టె మొత్తానికీ ఆ పేరే నిలిచిపోయింది.

కాగితం మీద అచ్చు వేసేది ప్రింటరు. మన కాగితాన్ని చూసి, దాని బొమ్మను కంప్యూటరు లోపలికి తీసుకునేది స్కానరు.

పసుపు మర చెప్పే పాఠం

కంప్యూటరు ఎలా పని చేస్తుంది? పసుపు మరను గుర్తు తెచ్చుకోండి.

మరలో ఒకవైపు పసుపు కొమ్ములు పోస్తాం. మర తిరుగుతుంది. ఇంకోవైపు పసుపు పొడి వస్తుంది. కంప్యూటరు కూడా అంతే. ఒకవైపు సంగతులు పోస్తాం. పేర్లు, ఊళ్లు, అంకెలు, ఫొటోలు పోస్తాం. ఈ సంగతులన్నిటినీ కలిపి డేటా అంటారు. డేటాను లోపలికి పంపడాన్ని ఇన్‌పుట్ అంటారు. కంప్యూటరు లెక్క కట్టి బయటికి ఇచ్చేది అవుట్‌పుట్. కీబోర్డు, మౌసు, స్కానరు లోపలికి పంపే దారులు. తెర, ప్రింటరు బయటికి వచ్చే దారులు.

ఇప్పుడు ఒక ప్రశ్న. పసుపు కొమ్ములతో పాటు మట్టిబెడ్డలు కూడా మరలో పోస్తే ఏమవుతుంది? మట్టి కలిసిన పొడి వస్తుంది. అది మర తప్పా? కాదు. మరకు మట్టి తెలియదు, పసుపు తెలియదు. పోసింది ఆడించడమే దానికి తెలుసు.

కంప్యూటరు కూడా పోసిందే ఇస్తుంది. తప్పు పోస్తే తప్పే ఇస్తుంది. పోసింది ఎవరు? ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చున్న మనిషి. ఆ మనిషి కన్ను పొరపాటు పడవచ్చు. ముందరి చేతిరాత సరిగా కనబడకపోవచ్చు. వేలు పక్క మీట మీద పడవచ్చు.

కంప్యూటరుకు అక్షరాలు వచ్చా?

మీరు అఆలు నేర్చుకున్నారు. గుణింతాలు దిద్దారు. ఒత్తులు నేర్చుకున్నారు. మరి కంప్యూటరుకు అఆలు వచ్చా?

రావు. దానికి అంకెలే వచ్చు. అవి కూడా రెండే. ఒకటి సున్న, రెండోది ఒకటి. దీపం ఆరితే సున్న, వెలిగితే ఒకటి అనుకోండి. ఇలాంటి కోట్ల దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటే అదే కంప్యూటరు. ఒక్కొక్క దీపాన్ని బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. సుమారు వంద కోట్ల బైట్లు కలిస్తే ఒక గిగాబైటు. ఫోను కొనేటప్పుడు "ఇన్ని జీబీ" అంటారు కదా, ఆ జీబీ ఇదే.

అక్షరాలు రాని యంత్రం తెలుగు ఎలా చూపిస్తుంది? లోకంలోని అక్షరాలకు పెద్దలు తలా ఒక సంఖ్య ఇచ్చారు. ఆ ఏర్పాటు పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే మన తెలుగు ఉంది. అందులో "అ" సంఖ్య 3077. "ఆ" సంఖ్య 3078. "న" సంఖ్య 3112. "మ" సంఖ్య 3118.

ఇప్పుడు సుబ్బమ్మ సంగతి చూడండి. "సుబ్బమ్మ" అని కొట్టవలసిన చోట ఎవరో "సుబ్బన్న" అని కొట్టారు. 3118 ఉండవలసిన చోట 3112 పడింది. కంప్యూటరుకు రెండూ సంఖ్యలే. సుబ్బమ్మ ఆడమనిషి అని దానికి తెలియదు. చేను ఆమెదని తెలియదు. దున్నింది ఎవరో, కలుపు తీసింది ఎవరో తెలియదు. కాబట్టి అది నోరు మెదపదు. తెలిసేది ఒక్కరికే. ఎవరికి? అక్షరం చదవగలిగిన సుబ్బమ్మకే.

పలక, నోటుబుక్కు

కంప్యూటరుకు రెండు రకాల జ్ఞాపకాలు ఉంటాయి.

ఒకటి పలక లాంటిది. పలక మీద రాస్తాం, తుడుస్తాం. దీన్ని ర్యామ్ అంటారు. పని జరుగుతున్నంతసేపు సంగతులు ఇందులో ఉంటాయి. కరెంటు పోతే అన్నీ పోతాయి.

రెండోది నోటుబుక్కు లాంటిది. రాసింది నిలిచి ఉంటుంది. బల్ల మీది కంప్యూటర్లో దీన్ని ఎక్కువగా హార్డ్ డిస్కు అంటారు. కరెంటు పోయినా ఇందులోని సంగతులు పోవు.

పలక మీదున్నదాన్ని నోటుబుక్కులోకి ఎక్కించడాన్ని సేవ్ చేయడం అంటారు. అంటే భద్రం చేయడం. మన దరఖాస్తు టైపు చేస్తుండగా కరెంటు పోయిందనుకోండి. "అంతకు ముందు సేవ్ చేసినావా నాయనా?" అని అడగండి. చేసి ఉంటే మిగిలిన కొంచెం కొడితే చాలు. చేయకపోతే మళ్లీ మొదటినుంచి కొట్టాలి. అప్పుడు పేరు, ఊరు, అంకెలు మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఒక కాగితానికి సరిపడే సంగతులను ఒకచోట పెడితే దాన్ని ఫైలు అంటారు. ఫైళ్లను దాచే సంచిని ఫోల్డరు అంటారు. ఇంట్లో రేషన్ కార్డు, పాసుబుక్కు ఒక సంచిలో పెట్టుకుంటాం కదా, అలాగే.

చేయి, చేతిలో విద్య

కంప్యూటర్లో చేత్తో తాకగలిగినదంతా హార్డ్‌వేరు. తెర, మీటలు, పెట్టె, తీగలు అన్నీ హార్డ్‌వేరే.

తాకలేనిది ఒకటి ఉంది. అది సాఫ్ట్‌వేరు. పొయ్యి, గిన్నె, గరిటె ఉంటే చాలా? రాగిసంగటి దానంతటదే తయారవుతుందా? ముందు ఎసరు పెట్టాలి. బియ్యం ఉడకాలి. తర్వాత పిండి వేయాలి. తర్వాత గెలకాలి. ఈ వరుస తెలిసిన మనిషి కావాలి. కంప్యూటరుకు కూడా "ముందు ఇది చెయ్, తర్వాత అది చెయ్" అని వరుసగా రాసి పెడతారు. ఆ వరుసే ప్రోగ్రాము. ప్రోగ్రాములన్నీ కలిపి సాఫ్ట్‌వేరు. ఫోనులో ఉండే సాఫ్ట్‌వేరును యాప్ అంటున్నాం.

వరుసలో తప్పు దొర్లితే దాన్ని బగ్ అంటారు. బగ్ అంటే పురుగు. 1947లో అమెరికాలో ఒక కంప్యూటరు ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల ఒక చిమ్మటపురుగు ఇరుక్కుని ఉంది. ఆ పురుగును తీసి లెక్కల పుస్తకంలో అంటించి పెట్టారు. తప్పును పురుగు అనే అలవాటు అంతకు ముందే ఉంది. ఆ రోజు మాత్రం నిజంగానే పురుగు దొరికింది. చూశారా, కంప్యూటరు కూడా తప్పు చేయగలదు.

కాలువ, తూము

సుబ్బమ్మ 1-బి కాగితం మైదుకూరు అంగడిలోని కంప్యూటర్లో ఉందా? లేదు. మరి ఎక్కడినుంచి వచ్చింది?

మన కె.సి. కాలువను చూడండి. కర్నూలు దగ్గర తుంగభద్ర మీద సుంకేసుల ఉంది. నీళ్లు అక్కడ నిలుస్తాయి. కాలువ వెంట ఎంతో దూరం ప్రయాణం చేసి మన జిల్లా పొలాలకు వస్తాయి. మన మడి దగ్గర ఉన్నది చిన్న తూమే. నీళ్లు ఉన్నది ఎక్కడో పైన.

కంప్యూటర్ల సంగతి కూడా ఇంతే. రాష్ట్రంలోని పొలాల లెక్కలు పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి. వాటిని సర్వర్లు అంటారు. అక్కడినుంచి ఇక్కడికి సంగతులు తెచ్చే కాలువ పేరు ఇంటర్నెట్. ముద్దుగా నెట్ అంటాం. అంగడిలోని కంప్యూటరు ఒక చిన్న తూము. నెట్‌లో ఒక సంగతి దొరికే చోటును వెబ్‌సైటు అంటారు. అక్కడినుంచి మన దగ్గరికి తెచ్చుకోవడం డౌన్‌లోడు. మన దగ్గరినుంచి అక్కడికి పంపడం అప్‌లోడు.

కాలువలో నీళ్లకూ నెట్‌లో సంగతులకూ ఒక తేడా ఉంది. నీళ్లు మనకు వస్తే పైన తగ్గుతాయి. కాగితం మనం తీసుకున్నా పైన అలాగే ఉంటుంది. మనకు వచ్చేది నకలు మాత్రమే.

"సర్వర్ డౌన్" అంటే ఏమిటి? ఆ పెద్ద కంప్యూటరు కొంతసేపు పలకడం లేదు అని అర్థం. మన పేరు పోయిందని కాదు. మనకు హక్కు లేదని కాదు. "మళ్లీ ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి రావాలి. గడువు ఉన్న పని అయితే కాగితం మీద దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు రసీదు అడగాలి.

మన కాగితాలు కంప్యూటర్లోకి ఎలా ఎక్కాయి?

ఒకప్పుడు భూమి రిజిస్ట్రేషను చేస్తే దస్తావేజును గుమాస్తాలు చేత్తో పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవారు. 1998లో మన రాష్ట్రంలో కార్డ్ అనే పథకం వచ్చింది. రిజిస్ట్రేషను ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టారు.

2011లో మీ సేవ కేంద్రాలు వచ్చాయి. 2015లో పొలాల లెక్కలు చూసుకునేందుకు మీ భూమి వెబ్‌సైటు వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2025లో వాట్సాప్ ద్వారా సేవలు అందించే మన మిత్ర మొదలైంది.

ఇన్ని మార్పులు వచ్చినా రెండు కాగితాల పేర్లు మాత్రం పాతవే. అడంగల్, 1-బి. అడంగల్‌లో ఒక్కొక్క సర్వే నంబరు వారీగా భూమి ఎంత, ఎవరి సాగులో ఉంది, ఏ పంట వేశారు అని ఉంటుంది. 1-బిలో ఒక మనిషి పేరున ఊరిలో ఉన్న భూమి అంతా ఒకచోట ఉంటుంది. దానికి ఖాతా నంబరు ఉంటుంది. ఈ రెంటినీ మనం చదవగలగాలి. ముఖ్యంగా నాలుగు సంగతులు చూడాలి. మన పేరు. తండ్రి లేక భర్త పేరు. సర్వే నంబరు. ఎకరాలు, సెంట్లు.

సెంట్ల దగ్గర చుక్క జాగ్రత్తగా చూడండి. 1.50 అంటే ఎకరా యాభై సెంట్లు. 1.05 అంటే ఎకరా ఐదు సెంట్లు. సున్న చోటు మారితే నలభై ఐదు సెంట్ల భూమి కాగితం మీద మాయమవుతుంది.

తాళంచెవులు

ఇంటికి తాళం వేస్తాం. తాళంచెవి కొంగున కట్టుకుంటాం. కంప్యూటర్లో కూడా తాళంచెవులు ఉన్నాయి.

పాస్‌వర్డు అంటే మనకు మాత్రమే తెలిసిన రహస్యపు మాట. పిన్ను అంటే మనకు మాత్రమే తెలిసిన రహస్యపు అంకెలు. ఏటీఎం కార్డుకు పిన్ను ఉంటుంది. ఫోనులో డబ్బు పంపడానికి కూడా పిన్ను ఉంటుంది. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికివచ్చే అంకెలు. అది మన ఫోనుకు వస్తుంది. కొద్దిసేపటికి చెల్లకుండా పోతుంది.

ఫోను చేసి "ఓటీపీ చెప్పమ్మా" అని అడిగేవాడికి చెప్పకూడదు. వాడు బ్యాంకు పేరు చెప్పినా చెప్పకూడదు. "నీకు డబ్బు వస్తుంది, పిన్ను కొట్టు" అంటే నమ్మకూడదు. డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టవలసిన పని లేదు. పిన్ను కొడితే మన డబ్బే పోతుంది. మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఇంకో తాళంచెవి మన వేలు. ఇది చిత్రమైన సంగతి. వేలిముద్ర మానాలనే కదా సంతకం నేర్చుకున్నాం! ఇప్పుడు రేషన్ దగ్గర, బ్యాంకు దగ్గర మళ్లీ వేలు పెట్టమంటున్నారు. దీనికి సిగ్గు పడనక్కర లేదు. చదువుకున్న ఆఫీసరు కూడా ఈ యంత్రం మీద వేలు పెడతాడు. ఏ ఇద్దరి వేలి గీతలూ ఒకటిగా ఉండవు. అందుకని యంత్రం గీతలను చూసి మనిషిని గుర్తు పడుతుంది. కలుపు తీసి, కూలి చేసి అరిగిన వేళ్లను అది ఒక్కోసారి గుర్తు పట్టదు. అప్పుడు వేరే వేలు పెట్టవచ్చు. కొన్ని చోట్ల కన్ను చూసే యంత్రం ఉంటుంది. అది అడగవచ్చు.

పాత వేలిముద్రకూ ఈ వేలిముద్రకూ ఒక పోలిక మాత్రం ఉంది. దేనికి వేస్తున్నామో తెలియకుండా వేస్తే రెండూ ప్రమాదమే. వేలు పెట్టే ముందు "ఇది దేనికి? ఎంత సొమ్ము?" అని అడగాలి. వేలు పెట్టిన తర్వాత చీటీ తీసుకుని అంకె చదవాలి. చేతికి వచ్చిన డబ్బూ చీటీలోని అంకె కలవాలి.

కంప్యూటరు నేర్పిన చదువు

"మాకు మొన్ననే చదువు వచ్చింది. కంప్యూటరు మాకెక్కడ అర్థమవుతుంది?" అని కొందరు అనుకుంటారు. 2000వ సంవత్సరంలో జరిగిన ఒక సంగతి వినండి. ఉమ్మడి రాష్ట్రంలో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అనే కంపెనీ ఒక ప్రయత్నం చేసింది. ఫకీర్ చంద్ కోహ్లీ అనే పెద్దాయన దానికి ఆద్యుడు. చదువు రాని పెద్దవాళ్లను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద బొమ్మ కనిపిస్తుంది. మాట కనిపిస్తుంది. పలుకు వినిపిస్తుంది. అలా సుమారు 40 గంటల పాఠాలతో తెలుగు చదవడం నేర్పడం ఆ పద్ధతి. తర్వాత వేరే భాషల్లో కూడా ఆ పాఠాలు తయారు చేశారు.

అఆలు రానివాళ్లే కంప్యూటరు ముందు కూర్చుని చదువు నేర్చుకున్నారు. అఆలు వచ్చిన మనం దాన్ని చూసి జంకడం ఎందుకు?

సుబ్బమ్మ ఏం చేసింది?

ఇప్పుడు సుబ్బమ్మ దగ్గరికి వద్దాం. దిగులు పడి కూర్చున్న సుబ్బమ్మ కాగితం మళ్లీ విప్పింది. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. సర్వే నంబరు సరిగ్గా ఉంది. భర్త పేరు సరిగ్గా ఉంది. ఎకరాలు సరిగ్గా ఉన్నాయి. పేరులో ఒక్క అక్షరం తప్పు.

"నాయనా, కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు పొరపాటు పడినట్టుంది. ఇది యాడ సరిచేయిస్తారు?" అని అడిగింది.

"తహసీల్దారు ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలమ్మా. ఆధార్, పాసుబుక్కు, పాత దస్తావేజు నకళ్లు జత చేయాల."

సుబ్బమ్మ అర్జీ టైపు చేయించింది. ప్రింటు తీయకముందే "ఆ తెర ఇట్లా తిప్పు నాయనా, చదువుకుంటా" అంది. ఆ అబ్బాయి ఆశ్చర్యంగా చూశాడు. తెర తిప్పాడు. సుబ్బమ్మ అక్షరం అక్షరం చదివింది. ఊరి పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయింది. అది కూడా దిద్దించింది. తర్వాతే ప్రింటు తీయమంది. సంతకం పెట్టింది.

అర్జీ ఇచ్చి రసీదు తీసుకుంది. రసీదు మీద ఒక నంబరు ఉంది. ఆ నంబరును పాసుబుక్కు వెనక రాసుకుంది. "ఈ నంబరు చెప్తే నా అర్జీ యాడికి వచ్చిందో తెలుస్తాదా?" అని అడిగి తెలుసుకుంది. రెండుసార్లు తిరిగింది. విసుక్కోలేదు. పేరు మారిన తర్వాత కొత్త 1-బి తీసుకుంది. ఈసారి మడిచి సంచిలో పెట్టుకోలేదు. ముందు చదివింది. అందులో సుబ్బమ్మ అని ఉంది. అప్పుడు బ్యాంకుకు పోయింది.

ఆమె కంప్యూటరు నేర్చుకోలేదు. మీటలు నొక్కలేదు. చదవడం ఒక్కటే చేసింది. చదవకుండా పోయిన మొదటి రోజు పనంతా వృథా అయింది. చదివిన రోజు దారి దొరికింది.

కంప్యూటరు మాట వేదం కాదు. ఎవరో ఒక మనిషి రాసిన మాట. మనిషి రాసినదాన్ని మనిషి చదవవచ్చు. తప్పుంటే దిద్దించవచ్చు. "కంప్యూటర్లో ఇట్లే ఉంది" అని ఎవరైనా అంటే "అట్లా ఎక్కించింది ఎవరు? సరిచేసేది ఎవరు?" అని అడగండి. పలక మీద దిద్దిన అక్షరాలు మనకు ఇక్కడ అక్కరకు వస్తాయి.

గుర్తుంచుకోండి

1. ప్రింటు తీయకముందు తెర మీద చదవండి.
2. సంతకం పెట్టకముందు కాగితం మీద చదవండి.
3. వేలు పెట్టకముందు దేనికో అడగండి.
4. ప్రతి పనికీ రసీదు తీసుకోండి. నంబరు రాసి పెట్టుకోండి.
5. పిన్ను, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఈ మాటలు పైకి చదవండి

కంప్యూటరు, కీబోర్డు, మౌసు, తెర, ప్రింటరు, డేటా, ఫైలు, సేవ్, సాఫ్ట్‌వేరు, సర్వరు, ఇంటర్నెట్, పాస్‌వర్డు, ఓటీపీ.

జవాబులు చెప్పండి

1. మట్టి కలిసిన పసుపు పొడి వస్తే అది మర తప్పా? ఎందుకు?
2. ర్యామ్ దేనిలాంటిది? హార్డ్ డిస్కు దేనిలాంటిది?
3. "సర్వర్ డౌన్" అంటే మన పేరు పోయినట్టా?
4. 1.50కీ 1.05కీ తేడా ఎంత?
5. మీ ఇంట్లో ఆధార్ కార్డు, పాసుబుక్కు, 1-బి కాగితం పక్కపక్కన పెట్టండి. మీ పేరు మూడింటిలో ఒకేలా ఉందా? అక్షరం అక్షరం పోల్చి చూడండి.